నాలుగో లైను

ఆ వర్షాకాలం మా ఇంట్లో ఎవరూ ఎవరినీ దేన్నీ సూటిగా అడగలేదు. భోజనాల దగ్గర ఉప్పు కావలసి వస్తే మా అమ్మాయి, "దీన్ని కలిపితే నీళ్లు గడ్డకట్టడానికి మామూలు కన్నా ఎక్కువ చలి కావాలి" అని మొదలుపెట్టేది. మా అత్తగారు "ఉప్పేగా, ఇందా, చల్లారిపోతోంది తిను" అని సీసా జరిపేవారు. మా ఆయన మాత్రం చెంచా గాల్లో ఆపి రెండో లైను కోసం ఎదురుచూసేవారు.

డిగ్రీ రెండో ఏడు చదివే ఆడపిల్ల తలుచుకుంటే ఇల్లు ఎలా అయిపోతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉప్పు చాలు.

వాళ్ల కాలేజీకి క్విజ్ జట్టు అనేది అంతకు ముందెప్పుడూ లేదు. ఆ ఏడాది ముగ్గురు పోగయి, మెట్ల కింద పాడుబడ్డ గదిని అడిగి తీసుకుని, దులిపి, కుర్చీలు వేసుకున్నారు. ప్రిన్సిపల్ గారు ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చి, "వానలు వెలిసేలోపు కాలేజీల పోటీ ఉంది కదా. అందులో పరువు దక్కించుకుని వస్తే గది మీది. లేదంటే అక్కడ టేబుల్ టెన్నిస్ బల్ల వేయిస్తా. ఆ ఆటకి కనీసం చెమటైనా పడుతుంది" అన్నారట.

జట్టులో మా అమ్మాయి కాక ఇద్దరు. ఒకడు సెకను. ప్రశ్న పూర్తి కాకముందే గంట మీద చెయ్యి వేసేస్తాడు కాబట్టి ఆ పేరు. జవాబు తెలిసి గంట కొట్టిన సందర్భాలు ఉన్నాయట, నేను చూడలేదు. రెండోది బహుశా అనే పిల్ల. తన పేరు తాను చెప్పుకోవాలన్నా "బహుశా" అని మొదలుపెట్టేంత నెమ్మది. ఈ ముగ్గురూ సాయంత్రం కాగానే తడిసిన గొడుగులతో మా హాల్లోకి వచ్చి పడేవాళ్లు. కాలేజీ గదిలో చూరు కారుతోందట. మా హాల్లో టీ కారుతుంది, అదీ సంగతి.

ఆ పోటీకి ఒక విచిత్రమైన నియమం ఉంది. వచ్చే ప్రతి జట్టూ తన వంతుగా ఒక సెట్టు ప్రశ్నలు రాసి ముందే పంపాలి. ఆ జట్టు ఆడని రౌండులో ఆ సెట్టు వాడతారు. ఒక్కో ప్రశ్నకీ నాలుగు లైన్లు, నాలుగు ఆనవాళ్లు. మొదటి లైనుకే జవాబు చెప్తే నలభై మార్కులు, రెండో దానికి ముప్పై, అలా దిగుతూ చివరికి పది. తప్పు చెప్తే సున్నా. పంపిన ప్రశ్నలు బాగోకపోతే ఆ జట్టును లోపలికే రానివ్వరు. అంటే వంట వచ్చినవాళ్లకే విందులో విస్తరి అన్నమాట.

మా వాళ్లు రాశారు. రాశారంటే మామూలుగా కాదు, పుస్తకాలు తిరగేసి, కళ్లు కాయలు కాసేలా చదివి రాశారు. ఏదో ఎండ్రకాయకి మూడో జత కాళ్ల మీద వెంట్రుకల గురించి ఒక ప్రశ్న. ఎవరికీ పట్టని ఒక రాజుగారి మేనమామ గుర్రం రంగు గురించి మరొకటి. ఒక్కో ప్రశ్న పూర్తి కాగానే ముగ్గురూ చేతులు కలుపుకునేవాళ్లు. "ఇది ఎవడికీ రాదు!" అని సెకను ఎగిరేవాడు. తలుపు పక్క నుంచి వింటున్న నాకు, ఎవడికీ రానిదాన్ని అడగడం దేనికో అర్థం కాలేదు. ఎందుకొచ్చిన గొడవ, చదువుకునే పిల్లలు కదా అని ఊరుకున్నాను.

పంపిన వారానికి నిర్వాహకుడి ఫోను వచ్చింది. వేరే కాలేజీలో లెక్చరరు ఆయన. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి అందరూ ఈల మాస్టారు అనేవాళ్లు. మా అమ్మాయి ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినబడేలా నొక్కింది.

"మీ సెట్టు మొత్తం చదివానమ్మా. ఒక్కదానికంటే ఒక్కదానికి కూడా నాకు జవాబు రాలేదు."

ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. సెకను గుప్పెట బిగించి గాల్లో గుద్దాడు. "థ్యాంక్యూ సార్!" అంది మా అమ్మాయి.

"ఇది పొగడ్త కాదమ్మా" అన్నారాయన. "ఇరవయ్యేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నాకే రాకపోతే ఇంకెవరికి రావాలి? ఆ హాల్లో అందరూ మౌనంగా కూర్చోవడానికైతే ప్రశ్నలు ఎందుకు? రెండు వారాలు టైమిస్తున్నా, మళ్లీ రాయండి. ఈసారీ ఇలాగే ఉంటే మీరు వచ్చి ప్రేక్షకుల్లో కూర్చోవచ్చు. టీ ఇస్తాం."

ఫోను పెట్టేశారు. "టేబుల్ టెన్నిస్ నేర్చుకుందామా?" అన్నాడు సెకను. మా అమ్మాయి నవ్వలేదు. మిగతా ఇద్దర్నీ కాళ్లూ గడ్డం పట్టుకుని జట్టులోకి లాగింది తనే. ఆ గది చీపురుతో ఊడ్చింది కూడా తనే. లేచి తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. బహుశా గొడుగు తీసుకుని, "బహుశా నేను వెళ్తాను ఆంటీ" అంది.

"కూర్చో" అన్నాను. "బీన్స్ వలవాలి. చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయిగా?"

మా ఆయన కళ్లజోళ్ల కొట్టు నడుపుతారు. రోజంతా జనం చేత అక్షరాలు చదివించి వచ్చి, ఇంట్లో ఏదీ చదవరు. ఆ రోజు కొట్టు కట్టేసి వచ్చేసరికి హాల్లో ఇద్దరు పిల్లలు బీన్స్ వలుస్తూ కనబడ్డారు. విషయం విన్నారు. ఆ ప్రశ్నల కాపీ కాగితాలు తీసుకుని, జోడు నుదుటి మీదకి ఎత్తి చూశారు.

"మా కొట్లో బోర్డు చూశారుగా. పైన ఏనుగంత అక్షరం, కిందికొచ్చేసరికి చీమలంత. మీరు రాసినవన్నీ ఆ కింది వరసే. ఉత్త కింది వరసతో బోర్డు పెట్టాననుకోండి, ఊరంతా గుడ్డివాళ్లే అని చీటీ రాసివ్వాలి."

"మరి పెద్ద అక్షరాలు పెడితే అందరూ చెప్పేస్తారు కదా అంకుల్?" అన్నాడు సెకను.

"అందుకే రెండూ పెడతాం. ఎవరి చూపు ఎంతవరకు ఆగుతుందో చూడటానికేరా బోర్డు. నా చూపు గొప్పదని చూపించుకోడానికి కాదు."

"మీ బోర్డుని తలకిందులుగా తగిలిస్తే వీళ్ల ప్రశ్న అవుతుంది" అన్నాను నేను. "చీమలు పైన, ఏనుగు కింద."

నిజానికి ఈ విద్య నాకు కొత్త కాదు. రిపేరుకిచ్చిన మిక్సీ తెచ్చారా అని ఈయన్ని తిన్నగా అడిగితే తెచ్చానని కానీ తేలేదని కానీ ఏనాడూ చెప్పలేదు. కాబట్టి ముందు, ఇవాళ ఏ దారిన వచ్చారు అంటాను. తర్వాత, ఆ మూల మీద షాపులు తెరిచే ఉన్నాయా అంటాను. మూడోది, చేతిలో సంచీ ఏదీ అంటాను. నాలుగోది అడగక్కరలేదు, ఆయనే తల గోక్కుంటారు. పాతికేళ్ల కాపురంలో నేను నాలుగు లైన్లు దాటి ఎప్పుడూ పోలేదు.

మా అమ్మాయి గది తలుపు కొంచెం తెరుచుకుని ఉంది. వింటోందని నాకు తెలుసు. కాసేపటికి తనే వచ్చి, బీన్స్ ముందు కూర్చుని, "అయితే ముందు నాలుగో లైను రాసుకోవాలి" అంది. "చిన్నపిల్లాడు కూడా చెప్పేసేది. అక్కణ్నుంచి పైకి ఎక్కాలి."

మర్నాటి నుంచి మా ఇల్లు పరీక్షా కేంద్రం అయింది. రాసిన ప్రతి ప్రశ్నా ముందు మా అత్తగారి మీద ప్రయోగించేవాళ్లు. ఆవిడ మొహమాటం లేని మనిషి. నచ్చకపోతే లేచి వెళ్లిపోయేవారు.

"నానమ్మా, విను. దీని మెడలో ఎముకలు మన మెడలో ఎన్ని ఉంటాయో అన్నే ఉంటాయి..."

"జిరాఫీ."

"అప్పుడేనా! ఎలా తెలిసింది?"

"మెడ గురించి అడిగితే ఇంకేం ఉంటుందే? నీ మెడ గురించి అడుగుతారా పోటీల్లో?"

మెడని మూడో లైనుకి దింపారు. మొదటి లైనుగా నాలుక పెట్టారు. ఆ నాలుక నల్లగా, మూరెడు పొడుగుంటుందట. ఆ ప్రశ్న ఇంటి బయట ఎలా పనిచేస్తుందో కూడా చూడాలనిపించింది నాకు. పక్కింటావిడ బట్టలు తీయడానికి మేడ మీదకి వచ్చినప్పుడు గోడ దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, "ఒకరున్నారు. నాలుక నల్లగా, మూరెడు పొడుగు. ఎవరో చెప్పుకోండి" అన్నాను.

ఆవిడ అటూ ఇటూ చూసి, "మా ఆడపడుచు గురించి మీకెవరు చెప్పారండీ?" అంది.

"కాదులెండి. రెండో ఆనవాలు. నిలబడే పిల్లని కంటుంది. పుట్టీ పుట్టగానే ఆ పిల్ల ఆరడుగుల ఎత్తు నుంచి నేల మీద పడుతుంది."

"అయితే అది కాదు. దానికి ఇద్దర్నీ ఆపరేషన్ చేసే తీశారు."

మూడో లైను మెడకి రాగానే ఆవిడ బట్టలు వదిలేసి రెండు చేతులూ కొట్టుకుంది. "అయ్యో, జిరాఫీ! నాకు తెలుసండీ, రెండో దానికే అనుకున్నా, నోటిదాకా వచ్చింది!" అని ఆ సాయంత్రమంతా బాధపడింది. ఇంటికొచ్చి ఈ మాట చెప్తే పిల్లలు ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "అయ్యో, నాకు తెలుసే అనిపించాలి" అంది మా అమ్మాయి మెల్లగా. "తెలియనిది అడగడం కాదు. తెలిసిందే గుర్తు రావడానికి సతాయించాలి." ఆ మాటని బహుశానే కాగితం మీద రాసి గోడకి అంటించింది. అప్పట్నుంచి ఎండ్రకాయలూ మేనమామల గుర్రాలూ మా గుమ్మం తొక్కలేదు.

రెండో సెట్టు పంపిన నాలుగు రోజులకి ఈల మాస్టారు ఫోను చేశారు. "రండి" అన్నారు. అంతే. దానికే సెకను మా సోఫా మీద గెంతి స్ప్రింగు విరగ్గొట్టాడు.

పోటీ రోజు నేనూ మా అత్తగారూ వెళ్లాం. పెద్ద హాలు, చెక్క కుర్చీలు, వేదిక మీద గంటలు పెట్టిన బల్లలు. నాలుగేళ్లుగా కప్పు వదలని కాలేజీ వాళ్లు ఒకే రంగు కోట్లతో వచ్చారు. మా వాళ్లలో సెకను చొక్కాకి ఒక బొత్తం లేదు. వాకిట్లో పేర్లు రాసుకునేవాడు మా కాలేజీ పేరు విని, "ప్రేక్షకులా?" అన్నాడు.

"ఇప్పటికి" అన్నారు మా అత్తగారు.

మొదటి రౌండు మొదలైన కాసేపటికి నాకొక విషయం అర్థమైంది. మా పిల్లలు జవాబులు వెతకడం లేదు. ఆ ప్రశ్న రాసినవాడి బుర్రలోకి పోతున్నారు. మొదటి లైను వినగానే మిగతా జట్లు పైకి చూస్తుంటే, మా ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చి, "దీనికి నాలుగో లైను ఏం రాసుంటాడు?" అని గుసగుసలాడుకుంటున్నారు. రెండు వారాలు తాము పడిన అవస్థే కదా, ఎవడు ఏది దాచి ఏది పైకి పెడతాడో వాళ్లకి కంఠతా వచ్చేసింది. సెకను గంట మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుని, మళ్లీ వేశాడు. అలా తీసుకోవడం నా కళ్లతో నేను చూశాను. మొదటి రౌండు గెలిచారు, రెండోదీ గెలిచారు. సెమీఫైనల్లో చివరి ప్రశ్నకి బహుశా "బహుశా గడియారం" అనగానే అవతలి జట్టు కుర్చీల్లో కూలబడింది.

మేము చప్పట్లు కొడుతుండగా ఈల మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చారు.

"మీ ప్రశ్నలు వచ్చిన అన్ని సెట్లలోకీ బాగున్నాయమ్మా. అందుకని ఫైనల్ కోసం దాచి పెట్టాం."

"థ్యాంక్యూ సార్."

"థ్యాంక్యూ కాదమ్మా! ఫైనల్‌కి మీరొచ్చేశారు. మీ ప్రశ్నలు మీకే ఎలా వేసేది? మీరొస్తారని ఎవరనుకున్నారు?"

"మేమనుకున్నాం" అన్నారు మా అత్తగారు.

మిగతా సెట్లన్నీ అప్పటికే వాడేశారు. అవసరానికి ఉంటుందని పక్కన పెట్టింది ఒక్కటే ఉంది, అది ఆ ఒకే రంగు కోట్ల వాళ్లది. వాళ్లూ ఫైనల్లోనే ఉన్నారు. కొత్తగా రాయించాలంటే పొద్దు పోతుంది. కమిటీలో ఒకాయన, కొత్తవాళ్లే కాబట్టి ఈసారికి మా వాళ్లు తప్పుకుంటే మర్యాదగా ఉంటుందని సణిగాడు. మా అమ్మాయి మొహం పాలిపోయింది. గది, చీపురు, కారే చూరు, అన్నీ ఆ మొహంలో నాకు కనబడ్డాయి.

"మా ఇంట్లో కేకు ఒకరు కోస్తారు, ఇంకొకరు ముందు ముక్క తీసుకుంటారు" అన్నాను నేను. "వీళ్లు రాసినవి వాళ్లనడగండి. వాళ్లు రాసినవి వీళ్లనడగండి. మార్కులు కలపండి. ఎవరు సరిగ్గా కోశారో కూడా తేలిపోతుంది."

ఈల మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేశారు. కోట్ల వాళ్ల నాయకుడు "మాకిష్టమే సార్" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. కొత్తవాళ్లు రాసిన ప్రశ్నలంటే మరీ పసిపిల్లల లెక్కలా ఉంటాయని అతని ఉద్దేశం కాబోలు.

ఎవరి సెట్టు వాళ్లకి తిరిగి ఇచ్చి, పొద్దుట్నుంచి వచ్చేసిన జవాబులు ఏవైనా ఉంటే కొట్టేసి, పది ప్రశ్నలు ఏరి ఇమ్మన్నారు. మా ముగ్గురూ ఒక మూల కూర్చున్నారు. నేను నీళ్లు ఇవ్వడానికి వెళ్లాను.

"నాలుగో లైన్లు కష్టంగా మార్చేద్దాం" అంటున్నాడు సెకను. "కనీసం సగం వాటికి. పైవి తెలియకపోతే సున్నా. ఎవరికి తెలుస్తుంది?"

మా అమ్మాయి పెన్ను తీసింది. కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒక చోట ఆగి ఒక మాట కొట్టేసి పైన ఇంకో మాట రాసింది.

"ఏం చేశావ్?"

"ఇక్కడ 'అది' అంటే దేన్ని అంటున్నామో తెలియట్లేదు. తికమక పడతారు. విడమరిచి రాశా."

"ఎవరికి సాయం చేస్తున్నావే నువ్వు?"

"ప్రశ్నకి" అని కాగితం మడిచి ఇచ్చేసింది. నేను గ్లాసులు అక్కడ పెట్టి వచ్చేశాను.

ముందు కోట్ల వాళ్లని అడిగారు. వాళ్లు గట్టివాళ్లు, అందులో అబద్ధం లేదు. జిరాఫీ దగ్గర మొదటి లైనుకి ముగ్గురూ తెల్లమొహం వేశారు. రెండో లైను సగంలో ఉండగా నాయకుడు గంట మీద దూకి జవాబు చెప్పి, పగలబడి నవ్వాడు. "ఎవరు రాశారండీ ఇది?" అని మా వాళ్ల వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. మొదట్లో ఆపుకున్న నవ్వు కాదది. హాల్లో జనం కూడా ప్రతి ప్రశ్నకీ "అబ్బా!" "నాకు తెలుసు!" అని కుర్చీల్లో అటూ ఇటూ మెసిలారు. మా అత్తగారు పక్కనున్న పెద్దమనిషికి జవాబులు ముందే చెప్పేస్తుంటే నేను చెయ్యి నొక్కి ఆపాను. పది ప్రశ్నలకీ వాళ్లకి రెండు వందల డెబ్బై.

తర్వాత మా వాళ్ల వంతు. తొమ్మిది ప్రశ్నలయ్యేసరికి రెండు వందల నలభై. చివరి ప్రశ్నని రెండో లైనుకి చెప్తే సమానం. మొదటి లైనుకి చెప్తేనే గెలుపు. తప్పితే అంతే సంగతులు.

ఈల మాస్టారు గొంతు సవరించుకుని మొదటి లైను చదివారు. "మన గోళ్లు ఎంత నెమ్మదిగా పెరుగుతాయో, ఇది ఇంచుమించు అంత నెమ్మదిగా మనకి దూరం జరుగుతూ ఉంటుంది."

సెకను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. బహుశా కళ్లు మూసుకుంది. మా అమ్మాయి ఏటో చూస్తూ, పెదవులు కదుపుతోంది. నాకు వినబడకపోయినా ఏమంటోందో తెలుసు. నాలుగో లైను. చిన్నపిల్లాడికి కూడా తెలిసేది. పసివాడికి తెలియాలి, మనకి దూరం జరగాలి, జరుగుతున్నట్టు ఎవరికీ కనబడకూడదు.

గంట మోగింది.

"చంద్రుడు" అంది.

ఈల మాస్టారు మిగతా మూడు లైన్లూ చదవలేదు. కాగితం కింద పెట్టి, పొద్దుట్నుంచీ మొదటిసారి ఈల ఊదారు. చాలాసేపు ఊదారు. సెకను వేదిక మీద బోర్లా పడుకున్నాడు. కోట్ల నాయకుడు వచ్చి మా అమ్మాయికి చెయ్యిచ్చి, "ఆ ప్రశ్న నాదే. దానికి మొదటి లైనుకి ఎవరూ చెప్పరని పందెం కాశాను" అన్నాడు. మా అత్తగారు కర్చీఫ్‌తో కళ్లు ఒత్తుకుంటూ, "చూడు, దుమ్ము. హాలు ఊడ్చినట్టు లేరు" అన్నారు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే ఫోను మోగింది. పిల్లలు కప్పుని ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుంటూ మా ఆయనకి కథంతా ఒకేసారి చెప్తున్నారు. నేనే తీశాను. ప్రిన్సిపల్ గారు.

"అమ్మాయి వచ్చిందామ్మా? పోటీ అయిపోయుంటుంది. పాల్గొన్నారు, అదే గొప్ప. బాధపడొద్దని చెప్పండి. టేబుల్ టెన్నిస్ బల్ల రేపు పొద్దున్నే దిగుతోంది, కాస్త ముందే వచ్చి ఆ గదిలో కుర్చీలవీ తీసేయమనండి."

ఆయన ఫలితం అడగనే లేదు. అడిగి ఉంటే సూటిగా చెప్పేదాన్నేమో.

"అలాగే సార్. ఒక్క చిన్న ప్రశ్న అడగనా? మొదటి లైను. ఇది వెండిలా మెరుస్తుంది, వెండి కాదు."

"ఏమిటమ్మా? పళ్లెమా?"

"రెండో లైను. దీనికి చెవులు రెండున్నాయి, వినబడదు."

"అమ్మా, నాకు అవతల మీటింగ్ ఉంది."

"మూడో లైను. నాలుగేళ్లుగా ఇది ఒకే కాలేజీలో ఉంటోంది. ఇవాళ మధ్యాహ్నం దాకా."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

"నాలుగో లైను సార్. రేపు పొద్దున మా అమ్మాయి, ఇంకో ఇద్దరు పిల్లలు దీన్ని తెచ్చి మీ టేబుల్ మీద పెడతారు."

"కప్పా?" అన్నారు, పెద్దగా. "కప్పేనా?"

"కరెక్టు సార్. పది మార్కులు."

అవతల చిన్నగా నవ్వు వినబడింది. ఆ తర్వాత గొంతు మార్చి, "మరి ఆ బల్ల ఎక్కడ వేయించనమ్మా ఇప్పుడు?" అన్నారు.

"అది ఐదో లైను సార్. మా దగ్గర నాలుగే ఉంటాయి."